‘ట్రాన్స్‌సీవర్ కనబడలేదు’: ఎంబెడెడ్ లినక్స్ బోర్డులలో యూఎస్‌బీ గుర్తింపు వైఫల్యం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

అరచేతిలో ఇమిడే లినక్స్ బోర్డులలో యూఎస్‌బీ పనిచేయనప్పుడు కెర్నల్ కొన్నిసార్లు ‘ట్రాన్స్‌సీవర్ కనబడలేదు’ అన్న భావం గల ఒక వాక్యాన్ని వెలువరిస్తుంది. దీనిని చదివినవారు తాము తగిలించిన పరికరం పాడైందనో, బోర్డే పోయిందనో భావించడం పరిపాటి. నిజానికి ఆ వాక్యం తగిలించిన పరికరాన్ని గురించి చెప్పడం లేదు. బోర్డు తన సొంత అవయవాన్ని గురించి చెబుతున్నది. అందులోని ‘కనబడలేదు’ అన్న మాటకు ఇంకా రాలేదని, ఎప్పటికీ రాదని, వేరే పేరుతో ఉన్నదని, వెదికే సాధనమే లేదని నాలుగు అర్థాలు ఉన్నాయి. బీగల్‌బోర్డు, బీగల్‌బోన్ బ్లాక్ అనే రెండు బోర్డుల ఆధారంగా ఈ అర్థాలను ఎలా వేరుచేసుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: యూఎస్‌బీ, ట్రాన్స్‌సీవర్, కెర్నల్ సందేశం, డ్రైవర్, డివైస్ ట్రీ, బీగల్‌బోర్డు.

1. ఉపోద్ఘాతం

‘యూఎస్‌బీ గుర్తించడం లేదు’ అనేది మనం తరచు వినే ఫిర్యాదు. ఈ వాక్యంలో కర్త లేదు. ఎవరు గుర్తించడం లేదు? దేనిని? తెలుగులో ‘గుర్తించు’ అన్న క్రియకు ముందే ఎరిగినదానిని ఆనవాలు పట్టడం అన్న అర్థం ఉంది. ‘కనుగొను’ వేరు, ‘పసిగట్టు’ వేరు. లినక్స్ కెర్నల్ సందేశాలలో ఈ మూడు పనులకూ మూడు వేర్వేరు దశలున్నాయి. బోర్డు ముందు తన ట్రాన్స్‌సీవర్‌ను కనుగొనాలి; ఆ తరువాత తీగకు అవతల ఏదో తగిలిందని పసిగట్టాలి; చివరకు ఆ తగిలినది ఏమిటో దాని వివరాలు చదివి గుర్తించాలి. మనం మూడింటినీ ఒకే మాటతో సరిపెడుతున్నాం. మొదటి దశలో ఆగిన బోర్డుకు మూడో దశ మందు వేయడం అక్కడినుంచే మొదలవుతుంది.

దీనివల్ల కలిగే నష్టం చిన్నది కాదు. 2008లో వచ్చిన తొలి బీగల్‌బోర్డులో ఈథర్‌నెట్ పోర్టు లేదు. నెట్‌వర్క్ కావాలన్నా, కీబోర్డు కావాలన్నా యూఎస్‌బీయే దిక్కు. అది పలకకపోతే ప్రాసెసర్, మెమరీ, తెర అన్నీ సక్రమంగా ఉన్నా బోర్డు మూగదవుతుంది. అటువంటి బోర్డులను చచ్చినవాటి లెక్కలో వేసి అటకెక్కించడం ప్రయోగశాలలలో వింత కాదు. తాళపత్ర ప్రతులకు ఛాయాచిత్రాలు తీసే పనికి ఇటువంటి పాత బోర్డులను వాడుకునే విద్యార్థులతో నాకు పరిచయం ఉంది. తెలుగు శాఖకు చెందినవారు ఈ విషయంపై రాయడానికి అది ఒక కారణం. మరొక కారణం కూడా ఉన్నది. 2021-22 విద్యాసంవత్సరం నుంచి తెలుగుతో సహా భారతీయ భాషలలో ఇంజినీరింగ్ బోధనకు అఖిల భారత సాంకేతిక విద్యామండలి అనుమతి ఉంది. నిర్వచనాలు తెలుగులోకి వస్తున్నాయి. బల్లమీద బోర్డు మొరాయించినప్పుడు ఏ వరుసలో ఆలోచించాలో చెప్పే గద్యం కూడా రావాలి.

కమాండ్లను, సందేశాలను ఈ వ్యాసంలో ఉచ్చారణను అనుసరించి తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. తెరమీద అవి రోమన్ లిపిలో ఉంటాయి.

2. ట్రాన్స్‌సీవర్ అంటే ఏది?

పంపేదానికి, అందుకునేదానికి ఇంగ్లీషులో ఉన్న రెండు పేర్లలో మొదటిదాని తలను, రెండోదాని తోకను కలిపి చేసిన మాట ట్రాన్స్‌సీవర్. మన సమాసాలలో పదాలు రెండూ నిండుగా నిలుస్తాయి. ఇక్కడ రెండూ తెగి అతుక్కున్నాయి. రేడియో వాడేవారికి ఈ మాట వినగానే చేతిలో పట్టుకునే సెట్టు గుర్తుకు వస్తుంది. అందుకే యూఎస్‌బీ సందర్భంలో ఈ మాట కనిపించినప్పుడు, పోర్టులో గుచ్చిన వైఫై ముక్కో, బ్లూటూత్ ముక్కో అని పొరబడడం సహజం.

యూఎస్‌బీ పోర్టు వెనుక నిజానికి రెండు భాగాలు పనిచేస్తాయి. ఒకటి కంట్రోలర్. ఏ సమాచారం ఎప్పుడు పంపాలో, ఎవరి వంతు ఎప్పుడో నిర్ణయించేది అది. రెండోది ఆ నిర్ణయాన్ని తీగమీద విద్యుత్ సంకేతంగా మార్చి పంపి, అవతలినుంచి వచ్చే సంకేతాన్ని అంకెలుగా మార్చి కంట్రోలర్‌కు అందించేది. ఈ రెండోదే ట్రాన్స్‌సీవర్. దీనికే ‘ఫై’ అని పొట్టి పేరు. రెండూ పక్కపక్కనే ఉన్నా, రెండింటి తయారీదారులు, చిప్పులు, డ్రైవర్లు వేరుగా ఉండవచ్చు.

ఈ రెండింటి మధ్య సంభాషణకు ‘యూఎల్‌పీఐ’ అనే ఒప్పందం ఉంది. సమాచారానికి 8 తీగలు, నడిపించడానికి 3, గడియారానికి 1, మొత్తం 12. గడియారం సెకనుకు 6 కోట్ల సార్లు కొట్టుకుంటుంది. ప్రతిసారీ 8 బిట్లు పోతాయి. గుణిస్తే సెకనుకు 48 కోట్ల బిట్లు. యూఎస్‌బీ 2.0 అత్యధిక వేగం 480 మెగాబిట్లు అని మనం చదువుకునే సంఖ్య ఇదే.

తొలి బీగల్‌బోర్డులో ఓటీజీ పోర్టుకు ట్రాన్స్‌సీవర్ ఎక్కడున్నదో వెదికితే ఆశ్చర్యం కలుగుతుంది. అది ప్రాసెసర్‌లో లేదు. బోర్డుకు విద్యుత్తును పంచిపెట్టే టీపీఎస్65950 అనే చిప్‌లో ఉంది. లినక్స్ ఈ కుటుంబపు చిప్‌లను టీడబ్ల్యూఎల్4030 అనే పేరుతో పిలుస్తుంది. చిప్‌మీద ఒక పేరు, కెర్నల్‌లో మరొక పేరు. కొత్తవారు ఇక్కడే దారి తప్పుతారు. 2013లో వచ్చిన బీగల్‌బోన్ బ్లాక్‌లో మాత్రం ట్రాన్స్‌సీవర్లు ప్రాసెసర్ లోపలే ఉన్నాయి.

3. వాక్యం వెనుక వరుస

మన పిల్లలకు ఏడు చేపల కథ తెలుసు. చేప ఎండకపోవడానికి గడ్డిమోపు అడ్డం, గడ్డిమోపు కదలకపోవడానికి ఆవు మేయకపోవడం, ఆవు మేయకపోవడానికి పాలేరు మేపకపోవడం. అలా ప్రశ్న ఒకరినుంచి ఒకరికి జరిగి చివరకు పుట్టలోని చీమ దగ్గర ఆగుతుంది. జానపద కథావర్గీకరణలో దీనిని గొలుసు కథ అంటాం. బీగల్‌బోర్డులో యూఎస్‌బీ లేవకపోవడం అచ్చంగా గొలుసు కథే. చేపను ఎంతసేపు తిరగేసినా ప్రయోజనం ఉండదు.

కంట్రోలర్‌కు డ్రైవర్ పేరు ‘మస్బ్ హెచ్‌డీఆర్‌సీ’. ఇది మెంటర్ గ్రాఫిక్స్ సంస్థ రూపొందించిన కంట్రోలర్‌కు రాసినది కాబట్టి ఆ పేరులో మొదటి అక్షరం ఎం. దీనికి, ఓమాప్ ప్రాసెసర్‌కు మధ్య ‘ఓమాప్2430’ అనే అతుకు డ్రైవర్ ఉంటుంది. ఇది ట్రాన్స్‌సీవర్‌ను అడుగుతుంది. ట్రాన్స్‌సీవర్ డ్రైవర్ ‘టీడబ్ల్యూఎల్4030 యూఎస్‌బీ’ లేవాలంటే దానికి మూడు వోల్టేజీలు కావాలి: 1.5, 1.8, 3.1. ఇవి అదే చిప్‌లోని రెగ్యులేటర్లు ఇస్తాయి. రెగ్యులేటర్ల డ్రైవర్ లేవాలంటే చిప్ మూల డ్రైవర్ లేవాలి. మూల డ్రైవర్ చిప్‌తో మాట్లాడడానికి ఐ2సీ అనే రెండు తీగల బస్ కావాలి. ఆ బస్ నడిపే డ్రైవర్ కెర్నల్‌లో ఉండాలి.

ఇందులో ఏ ఒక్క కొక్కెం తెగినా చివరకు తెరమీద పడే మాట ఒకటే: ‘హెచ్‌ఎస్ యూఎస్‌బీ ఓటీజీ: నో ట్రాన్స్‌సీవర్ కాన్ఫిగర్డ్’. రెగ్యులేటర్ డ్రైవర్‌ను కెర్నల్‌లో చేర్చడం మరచినా అదే మాట. ఐ2సీ పోయినా అదే మాట. ఫిర్యాదు చేసే డ్రైవర్‌కు తన పక్క కొక్కెం తప్ప తక్కిన గొలుసు తెలియదు. కనుక ఆ వాక్యాన్ని వ్యాధి పేరుగా కాక, వ్యాధి ఈ వైపు ఉన్నదని చూపే వేలుగా చదవాలి.

గొలుసును నడిమికి విరిచే ఒక సందేశం ఉంది. ట్రాన్స్‌సీవర్ డ్రైవర్ సక్రమంగా లేచినప్పుడు ‘ఇనిషియలైజ్డ్ టీడబ్ల్యూఎల్4030 యూఎస్‌బీ మాడ్యూల్’ అని ఒక వాక్యం వేస్తుంది. డీమెసేజ్ కమాండ్‌తో బూట్ లాగ్ తెచ్చుకుని ముందు ఈ వాక్యం కోసం వెదకాలి. అది ఉంటే లోపం ట్రాన్స్‌సీవర్‌కు, కంట్రోలర్‌కు మధ్య ఉంది. లేకపోతే లోపం ఇంకా లోతున, ఐ2సీ వైపు ఉంది. నా దృష్టిలో ఈ ఒక్క విభజన తక్కిన ఊహాగానాలన్నింటికంటే విలువైనది.

లోతున ఉన్నదని తేలితే ఐ2సీ డిటెక్ట్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో బస్‌ను చూడవచ్చు. టీడబ్ల్యూఎల్4030 ఆ బస్‌మీద పదహారు ఆధారపు సంఖ్యామానంలో 48 నుంచి 4బీ వరకు నాలుగు చిరునామాలలో ఉంటుంది. ఆ గడులలో ‘యూయూ’ అని కనిపిస్తే కెర్నల్ డ్రైవర్ ఆ చిరునామాను పట్టుకున్నదని అర్థం. చిరునామా సంఖ్య కనిపిస్తే చిప్ పలుకుతున్నది, డ్రైవర్ లేదు. గీతలే కనిపిస్తే చిప్ పలకడం లేదు. ప్రాసెసర్ పుస్తకంలో ఈ బస్ పేరు ఐ2సీ1. డివైస్ ట్రీతో నడిచే కెర్నల్‌లో దాని సంఖ్య 0. ఒకరు ఒకటినుంచి, మరొకరు సున్నానుంచి లెక్కించడంవల్ల వచ్చిన తేడా ఇది. తప్పు బస్‌ను చూసి చిప్ చచ్చిందని తీర్మానించేవారు ఇందువల్లనే కనిపిస్తారు. పైగా అది బోర్డుకు విద్యుత్తునిచ్చే చిప్. ఈ ప్రోగ్రామ్‌తో చూడడమే గాని, దాని రిజిస్టర్లలో తోచినది రాసి పరీక్షించడం తగదు.

4. –517: రాలేదా, రాదా?

లాగ్‌లో తరచు కనిపించే మరో వాక్యం ‘మస్బ్ ఇనిట్ కంట్రోలర్ ఫెయిల్డ్ విత్ స్టేటస్ –517’. దోష సంఖ్యల సాధారణ పట్టికలో 517 దొరకదు. 512 మొదలుకొని ఉన్న ఈ కొద్ది సంఖ్యలు కెర్నల్ లోపలి వాడుకకోసం కేటాయించినవి. వాడుకరి ప్రోగ్రాములకు ఇవి కనబడకూడదన్నది నియమం. పట్టికలో లేని సంఖ్య కనిపించేసరికి చదువరి కంగారుపడతాడు.

517కు అర్థం ‘తరువాత మళ్లీ అడుగు’. 2012లో విడుదలైన లినక్స్ 3.4లో ఈ వాయిదా పద్ధతి ప్రవేశించింది. ఒక డ్రైవర్‌కు కావలసినది ఇంకా సిద్ధం కాకపోతే అది –517 అని జవాబిచ్చి తప్పుకుంటుంది. కెర్నల్ దానిని నిరీక్షణ జాబితాలో పెడుతుంది. వేరే ఏ డ్రైవర్ అయినా విజయవంతంగా లేచినప్పుడల్లా జాబితాలోని వారిని మళ్లీ పిలుస్తుంది. అంతకుముందు ఈ ఏర్పాటు లేదు. ఎవరు ముందు లేస్తారన్నది కూర్పులోని వరుసమీద ఆధారపడేది. కంట్రోలర్ ముందు లేచి ట్రాన్స్‌సీవర్ కనబడక –19, అంటే ‘అటువంటి పరికరం లేదు’ అని జవాబిస్తే, మరుక్షణంలో ట్రాన్స్‌సీవర్ వచ్చినా మళ్లీ అడిగేవారు లేరు.

కాబట్టి –517 ఒకసారి కనిపించడం దోషం కాదు. రెండుమూడుసార్లు కనిపించి, ఆపైన కంట్రోలర్ లేచినట్లు వాక్యం వస్తే అంతా సవ్యమే. చివరిసారి ఏమన్నదన్నదే ముఖ్యం. లాగ్‌లో మొదటి ఎర్ర అక్షరాలు చూసి ఆగిపోయేవారు ఇక్కడ మోసపోతారు.

అయితే ఇందులో ఒక చిక్కు ఉన్నది. ఓమాప్ అతుకు డ్రైవర్ ట్రాన్స్‌సీవర్‌ను అడిగినప్పుడు ఒక్క –6 తప్ప ఏ దోషం వచ్చినా దానిని –517గా మార్చి పైకి పంపుతుంది. ట్రాన్స్‌సీవర్ ఆలస్యంగా వస్తున్నా, దాని డ్రైవర్‌ను అసలు కూర్చకపోయినా, డివైస్ ట్రీలో దాని ప్రస్తావన లేకపోయినా జవాబు ఒకటే. దారిలో ఉన్న చుట్టానికీ, పిలుపే అందని చుట్టానికీ ఒకే విస్తరి వేసి కూర్చున్నట్లుంటుంది. నిరీక్షణకు గడువు లేదు. మిగిలిన –6 మాత్రం సూటిగా మాట్లాడుతుంది: ట్రాన్స్‌సీవర్లను నమోదు చేసే వ్యవస్థే ఈ కెర్నల్‌లో లేదు, వెదకడానికే వీలులేదు అని. అప్పుడు కెర్నల్ కూర్పులో యూఎస్‌బీ ఫై విభాగం ఎంపిక కాలేదని నిశ్చయించవచ్చు.

తరువాతి కెర్నళ్లలో ‘నో ట్రాన్స్‌సీవర్ కాన్ఫిగర్డ్’ అన్న వాక్యాన్ని డీబగ్ స్థాయికి దింపారు. మామూలు లాగ్‌లో అది కనిపించదు. శబ్దం తగ్గింది గాని, దోషం ఉన్నవారికి ఆధారం కూడా తగ్గింది. దానికి బదులుగా కొత్త కెర్నళ్లలో డీబగ్ ఎఫ్‌ఎస్ కింద ‘డివైసెస్ డిఫర్డ్’ అనే ఫైలు ఉంది. బూట్ ముగిశాక ఇంకా నిరీక్షణలో ఉన్న పరికరాల పేర్లు అందులో ఉంటాయి. బూట్ అయి చాలాసేపు గడిచాక కూడా అందులో యూఎస్‌బీ కంట్రోలర్ పేరు ఉంటే అది ‘ఇంకా రాలేదు’ కాదు, ‘రాదు’.

5. పేరు తేడా

ప్రతుల పరిష్కరణలో ఒక్క అక్షరం తేడాతో పాఠం మారిపోవడం మనకు కొత్త కాదు. కెర్నల్‌లోనూ అటువంటి పాఠాంతర సమస్య వచ్చింది. డివైస్ ట్రీ రాకముందు ప్రతి బోర్డుకు సీ భాషలో ఒక బోర్డు ఫైలు ఉండేది. అందులో ‘ఈ పేరుగల కంట్రోలర్‌కు ఈ పేరుగల ట్రాన్స్‌సీవర్’ అని అక్షరాలతో జతచేసేవారు. కెర్నల్ పరికరాలకు సంఖ్యలను తానే కేటాయించే పద్ధతి వచ్చాక ‘మస్బ్ హెచ్‌డీఆర్‌సీ.0’ అన్న పేరు ‘మస్బ్ హెచ్‌డీఆర్‌సీ.0.ఆటో’ అయింది. బోర్డు ఫైలులో పాత పేరే ఉంటే జత కుదరదు. ట్రాన్స్‌సీవర్ లేచి ఉంటుంది, కంట్రోలర్ సిద్ధంగా ఉంటుంది, రెండూ ఒకదానికొకటి కనబడవు. పాత కెర్నల్‌తోనే పని చేయవలసిన బోర్డులమీద ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

డివైస్ ట్రీలో పేర్లకు బదులు నేరుగా సూచికలు ఉంటాయి కాబట్టి ఈ బాధ చాలావరకు తగ్గింది. అయితే అక్కడ మరో రకం ద్వైధం ఉంది. బీగల్‌బోర్డు డివైస్ ట్రీలో ఓటీజీ పోర్టు కింద ‘యూఎస్‌బీ ఫై’ అని ఒక పంక్తి, ‘ఫైస్’ అని ఒక పంక్తి, రెండూ ఒకే ట్రాన్స్‌సీవర్‌ను చూపుతూ ఉంటాయి. చూడగానే పునరుక్తి అనిపిస్తుంది; ఒకటి తీసివేద్దామనిపిస్తుంది. తీయకూడదు. మొదటిది యూఎస్‌బీకి ప్రత్యేకమైన పాత వ్యవస్థకోసం, రెండోది అన్ని రకాల ఫైలకు వర్తించే కొత్త వ్యవస్థకోసం. అతుకు డ్రైవర్ రెండు తలుపులూ తడుతుంది. కొత్త కెర్నల్‌ను పాత డివైస్ ట్రీతో బూట్ చేసినప్పుడు రెండో పంక్తి ఉండదు. అప్పుడు ‘నో ఫై కాన్ఫిగర్డ్’ అన్న వేరొక సందేశం వస్తుంది. ట్రాన్స్‌సీవర్, ఫై పర్యాయపదాలని పైన చెప్పాను. వస్తువు విషయంలో అది నిజం. ఈ రెండు సందేశాల విషయంలో మాత్రం అవి పర్యాయపదాలు కావు. ఏ తలుపు తెరుచుకోలేదో అవి వేరువేరుగా చెబుతున్నాయి.

పేర్ల ప్రస్తావనలో ‘నాప్’ ట్రాన్స్‌సీవర్‌ను వదలలేం. బీగల్‌బోర్డు సీ శ్రేణిలో ఓటీజీ కాక మరో హోస్ట్ పోర్టు ఉంది. దాని ట్రాన్స్‌సీవర్ విడి చిప్. దానికి సాఫ్ట్‌వేర్‌తో చెప్పవలసిన పనులు దాదాపు ఏమీ లేవు. విద్యుత్తు ఇచ్చి, రీసెట్ వదిలితే చాలు. అటువంటివాటికోసం కెర్నల్‌లో ఏమీ చేయని డ్రైవర్ ఒకటి ఉంది. నాప్ అంటే అదే. ఏమీ చేయనిదానిని కూర్పులో చేర్చడం ఎందుకని తీసివేస్తే పోర్టు లేవదు. వ్యాకరణంలో లోపించిన ప్రత్యయం వినిపించకపోయినా ప్రక్రియలో దాని స్థానం ఉన్నట్లే, ఇక్కడ పనిలేని డ్రైవర్‌కూ నమోదులో స్థానం ఉండాలి. రీసెట్ పిన్‌ను డివైస్ ట్రీ ‘జీపీఐఓ5, 19’ అని సూచిస్తుంది. బోర్డు పత్రాలు 147 అంటాయి. ఒక్కొక్క వరుసలో 32 పిన్‌లు, అయిదో వరుస 128తో మొదలు, దానికి 19 కలిపితే 147. రెండూ ఒకటే.

6. వలయం

పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు అన్న సామెతకు ఈ రంగంలో చక్కని ఉదాహరణ ఉంది. కెర్నల్ కూర్పులో ప్రతి డ్రైవర్‌ను లోపలే కూర్చవచ్చు, లేదా విడి మాడ్యూల్‌గా ఉంచవచ్చు. విడి మాడ్యూళ్లు రూట్ ఫైల్ సిస్టమ్‌లో ఉంటాయి. అది తెరుచుకున్నాకే అవి లేస్తాయి. మామూలుగా ఇది ఇబ్బంది కాదు. కంట్రోలర్ లోపల ఉండి, ట్రాన్స్‌సీవర్ డ్రైవర్ మాడ్యూల్‌గా ఉన్నా వాయిదా పద్ధతివల్ల కొంత ఆలస్యంగా రెండూ కలుస్తాయి.

రూట్ ఫైల్ సిస్టమే యూఎస్‌బీ డిస్క్‌మీద ఉంటే? డిస్క్ తెరవాలంటే ట్రాన్స్‌సీవర్ కావాలి. ట్రాన్స్‌సీవర్ మాడ్యూల్ డిస్క్‌లో ఉంది. బోర్డు రూట్ కోసం ఎదురుచూస్తూ నిలిచిపోతుంది. యూఎస్‌బీ ఈథర్‌నెట్ ద్వారా నెట్‌వర్క్‌నుంచి రూట్ తెచ్చుకునే ఏర్పాటులోనూ ఇదే జరుగుతుంది. దీనికి విరుగుడు ఒకటే: ఐ2సీ మొదలు ట్రాన్స్‌సీవర్ వరకు గొలుసులోని డ్రైవర్లన్నింటినీ కెర్నల్‌లోనే కూర్చడం, లేదా ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ అనే తొలి ఫైల్ సిస్టమ్‌లో పెట్టడం. గొలుసులో ఒక్కటి బయట మిగిలినా ఫలితం అదే.

నడుస్తున్న కెర్నల్‌లో ఏది లోపల ఉందో, ఏది మాడ్యూలో, ఏది లేనేలేదో తెలుసుకోవడం తేలికే. ఆ సౌకర్యంతో కట్టిన కెర్నల్ అయితే ప్రాక్ డైరెక్టరీలో కూర్పు వివరాలన్నీ ‘కాన్ఫిగ్’ పేరుతో కుదించిన ఫైలుగా ఉంటాయి. బీగల్‌బోర్డుకు అందులో టీడబ్ల్యూఎల్4030 యూఎస్‌బీ, టీడబ్ల్యూఎల్4030 రెగ్యులేటర్ పంక్తులను, బీగల్‌బోన్ బ్లాక్‌కు ఏఎం335ఎక్స్ ఫై యూఎస్‌బీ పంక్తిని చూడాలి. ‘వై’ ఉంటే లోపల, ‘ఎం’ ఉంటే మాడ్యూల్. పంక్తి మొదట్లో గళ్ల గుర్తు ఉంటే ఆ డ్రైవర్ లేదు. నిరీక్షణకు అర్థం లేదు.

అన్నట్లు, యూఎస్‌బీ పోయిన బోర్డుమీద ఈ పరీక్షలన్నీ ఎలా చేస్తారన్న ప్రశ్న వస్తుంది. కీబోర్డు లేదు, నెట్‌వర్క్ లేదు. సీరియల్ పోర్టే ఆధారం. బీగల్‌బోర్డు మీద ఉన్న 10 పిన్‌ల హెడర్‌కు సీరియల్ తీగ తగిలించి, సెకనుకు 1,15,200 బిట్ల వేగంతో మరో కంప్యూటర్‌నుంచి చూడవచ్చు. ఈ తీగ లేకుండా ఎంబెడెడ్ బోర్డు కొనడం కళ్లద్దాలు ఇంట్లో పెట్టి గ్రంథాలయానికి వెళ్లడం వంటిది.

7. ట్రాన్స్‌సీవర్ ఉంది, అయినా పలకదు

ఇప్పటివరకు చెప్పినది మొదటి దశ. అది దాటిందో లేదో ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కమాండ్ తేలుస్తుంది. ఏ పరికరమూ తగిలించకపోయినా ‘రూట్ హబ్’ అన్న పంక్తి కనిపిస్తే కంట్రోలర్, ట్రాన్స్‌సీవర్ కలిశాయి. జాబితా ఖాళీగా ఉంటే పైన చెప్పిన గొలుసు దగ్గరికే తిరిగి వెళ్లాలి. ఒక మినహాయింపు ఉంది. పాత కెర్నళ్లలో మస్బ్‌ను ఓటీజీ విధానంలో కూర్చినప్పుడు, గాడ్జెట్ డ్రైవర్ ఒకటి ఎక్కించేవరకు హోస్ట్ వైపు లేవదు. అక్కడ ఖాళీ జాబితా ట్రాన్స్‌సీవర్ దోషం కాదు.

రూట్ హబ్ కనిపించినా పరికరం పసిగట్టకపోతే ముందుగా పోర్టు పాత్రను చూడాలి. బీగల్‌బోన్ బ్లాక్‌లో రెండు పోర్టులున్నాయి. డివైస్ ట్రీ పెద్ద పోర్టుకు హోస్ట్ పాత్రను, చిన్న మినీ పోర్టుకు పరికరం పాత్రను ఇచ్చింది. మినీ పోర్టులో పెన్‌డ్రైవ్ తగిలించి ‘గుర్తించడం లేదు’ అంటే బోర్డు తప్పేమీ లేదు. ఇద్దరు అతిథులను ఎదురెదురుగా కూర్చోబెట్టి వడ్డించేవారు రాలేదన్నట్లుంటుంది.

బీగల్‌బోర్డు ఓటీజీ పోర్టు పాత్రను తీగే నిర్ణయిస్తుంది. మినీ పోర్టులో 5 పిన్‌లుంటాయి. నాలుగోది ఐడీ, అయిదోది గ్రౌండ్. తీగలో ఐడీని గ్రౌండ్‌కు కలిపితే బోర్డు హోస్ట్ అవుతుంది. కలపకపోతే పరికరం అవుతుంది. బజారులో దొరికే మినీ తీగలలో చాలావాటిలో ఈ రెండూ కలిపి ఉండవు. బయటినుంచి చూస్తే తేడా తెలియదు. మల్టీమీటర్‌ను కంటిన్యుటీ స్థానంలో పెట్టి ఆ రెండు పిన్‌లను తాకితే అరనిమిషంలో తేలిపోతుంది. కెర్నల్‌ను మళ్లీ కూర్చడానికి గంటలు వెచ్చించే ముందు ఈ అరనిమిషం వెచ్చించడం మంచిది.

పరికరాన్ని పసిగట్టి, వివరాలు చదవలేకపోతే ‘డివైస్ డిస్క్రిప్టర్ రీడ్’ అన్న వాక్యం దోష సంఖ్యతో వస్తుంది. –110 అయితే అడిగిన ప్రశ్నకు గడువులోగా జవాబు రాలేదు. –71 అయితే సంకేతాల మార్పిడి ఒప్పందం ప్రకారం సాగలేదు. ఈ రెండూ తరచు తీగ నాణ్యతనో, విద్యుత్తునో వేలెత్తి చూపుతాయి. వేరే తీగతో, పొట్టి తీగతో ప్రయత్నించి చూశాకే డ్రైవర్ వైపు వెళ్లాలి.

విద్యుత్తు సంగతికి వస్తే, టీపీఎస్65950 ఓటీజీ పోర్టుకు ఇవ్వగలిగినది 100 మిల్లీఆంపియర్లు మాత్రమే. డివైస్ ట్రీలో ‘పవర్’ పంక్తిలో 50 అని ఉంటుంది. దానిని 2 మిల్లీఆంపియర్ల చొప్పున లెక్కించాలి. ఆ సంఖ్యను పెంచితే కెర్నల్ నమ్ముతుంది గాని చిప్ నమ్మదు. వైఫై ముక్కలు, డిస్క్‌లు 500 వరకు అడుగుతాయి. అప్పుడు కెర్నల్ పరికరాన్ని చూస్తుంది, పేరు చదువుతుంది, వివరాలన్నీ తెలుసుకుంటుంది. అన్నీ తెలిశాక ‘రిజెక్టెడ్ 1 కాన్ఫిగరేషన్ డ్యూ టు ఇన్‌సఫిషియెంట్ అవెయిలబుల్ బస్ పవర్’ అని తిప్పిపంపుతుంది. దీనిని కూడా మనం ‘గుర్తించడం లేదు’ అనే అంటున్నాం. ఎల్‌ఎస్‌యూఎస్‌బీ జాబితాలో ఆ పరికరం పేరు స్పష్టంగా కనిపిస్తూనే ఉంటుంది. సొంత అడాప్టర్ గల హబ్‌ను మధ్యలో పెట్టి, పరికరాన్ని ఆ హబ్‌కు తగిలిస్తే అదే పరికరం, అదే డ్రైవర్, అదే కెర్నల్‌తో పనిచేస్తుంది.